బొమ్మ రైలు పట్టాలకు ఏ జిగురు గిట్టుబాటు?

జిగురు సరుకుకు పెద్ద గిరాకీ వడ్రంగుల నుంచి, బైండింగు పనివారి నుంచి వస్తుంది. నమూనా రైలుమార్గాలు నిర్మించేవారి వాడకం స్వల్పమే. అయితే ఎంపికలో పొరపాటు జరిగితే వారికి నష్టం జిగురు ధరతో ఆగదు. ఖరీదైన పట్టాలే పాడవుతాయి. హెచ్.ఓ. కొలతలో అన్నీ అసలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇందులో ఒక్క మిల్లీమీటరు తగ్గినా బండి నడవదు.

తక్కువ ఖర్చులో ఎక్కువ పని జరిగేది తెల్ల జిగురుతోనే. ఇది పాలీవినైల్ ఎసిటేట్ సరుకు. ఇథిలీన్, ఎసిటిక్ ఆమ్లం దీనికి మూలం. ఇందులోని నీరు ఇగిరితేనే గట్టిపడుతుంది గనుక చెక్క, కార్కు, అట్ట వంటి నీరు పీల్చే వస్తువులకు తగినది. రెండు ప్లాస్టిక్ రేకుల నడుమ పూస్తే రోజులు గడిచినా పచ్చిగానే ఉంటుంది.

పట్టాల నడుమ కంకరకూ ఇదే మేలు. కంకరను పొడిగా పరచి, నీరు చల్లి తడిపి, సగానికి సగం నీరు కలిపిన జిగురును చుక్కలుగా వేయాలి. అందులో కొంచెం సబ్బు కలపనిదే నీరు బొట్లు కట్టి కంకరను చెదరగొడుతుంది. తరువాత మార్గం మార్చదలిస్తే బాగా తడిపి, మెత్తబడ్డాక పట్టాలను ఊడదీసుకోవచ్చు. పాయింట్ల వద్ద కదిలే భాగాలకు మాత్రం జిగురు తగలనీయరాదు.

కొండలు, గుట్టలకు థర్మోకోల్ వాడేవారు రబ్బరు సొల్యూషన్ జోలికి పోరాదు. అందులోని ద్రావకం థర్మోకోల్‌ను తినివేస్తుంది. థర్మోకోల్‌పై పట్టాలు పరచడానికి, గోడ పగుళ్లు పూడ్చే యాక్రిలిక్ సీలెంట్‌ను పలుచగా రాస్తే చాలు. అవసరమైతే సన్నని కత్తి దూర్చి పట్టాలను లేపవచ్చు.

అమెరికాలో 1958లో బజారుకెక్కిన సైనోఎక్రిలేట్ క్షణాలలో పట్టే జిగురు. గ్రాముల లెక్కన అమ్మే సరుకు గనుక చిన్న భాగాలకే గిట్టుబాటు. దీని ఆవిరి తగిలితే బోగీల అద్దాల ప్లాస్టిక్ తెల్లబారుతుంది.

పెద్ద డబ్బా కిలోకు చవక పడినా, మూత తీసిన జిగురు క్రమంగా చిక్కబడుతుంది. తయారీ తేదీ చూసి, పనికి సరిపడా చిన్న డబ్బా కొనడమే లాభం.