గ్రామీణ కతోలిక విచారణలో వారపు జీవనం: ఆదివారపు ప్రకటనల భాష, సామాజిక పాత్ర

వ్యాససంగ్రహం: తెలుగు గ్రామాల్లోని కతోలిక విచారణల్లో ఆదివారం దివ్యబలిపూజ చివర వినిపించే ప్రకటనలను సాహిత్య విద్యార్థులు గాని, సమాజశాస్త్ర విద్యార్థులు గాని పాఠ్యంగా పరిగణించిన సందర్భాలు అరుదు. ఆ ప్రకటనలు సంఘం తనను తాను నిర్వహించుకొనే సాధనమనీ, తిరుసభ చట్టానికీ తెలుగు బంధుత్వ వ్యవస్థకూ మధ్య రాజీ కుదిరే చోటు కూడా అదేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పెండ్లి ప్రకటన ఇందులో ప్రధాన ఉదాహరణ.

కీలకపదాలు: విచారణ, ప్రకటన, పెండ్లి చాటింపు, మేనరికం, ఉపదేశి, జ్ఞానస్నానపు పుస్తకం.

విచారణ అనే మాట

నేటి వాడుకలో విచారణ అనగానే పోలీసు స్టేషనో, న్యాయస్థానమో గుర్తుకు వస్తుంది. తెలుగు కతోలికుల వాడుకలో మాత్రం ఈ మాటకు బాగోగులు కనుక్కోవడం, పర్యవేక్షించడం అన్న పాత అర్థమే నిలిచి ఉంది. ఒక గురువు బాధ్యతలో ఉన్న విశ్వాసుల సముదాయం విచారణ. ఆయన విచారణ గురువు, లేదా విచారణకర్త. 1983 నాటి తిరుసభ చట్టం 515వ నియమంలో విచారణను భూభాగంగా కాక, మొదట ఒక విశ్వాసుల సంఘంగానే నిర్వచించింది. తెలుగు పదం ఆ భావానికి దగ్గరగా ఉండడం గమనించదగినది. స్లీవ, జ్ఞానస్నానం, సర్వేశ్వరుడు, మ్రానికొమ్మల ఆదివారం వంటి పదాలతో పాటు ఇది కూడా కతోలికుల తెలుగును ప్రొటెస్టెంటుల తెలుగు నుండి వేరుపరిచే మాటల్లో ఒకటి.

తెలుగునాట కతోలిక సంఘాలకు పద్దెనిమిదో శతాబ్ది ఆరంభం నుండి, అంటే యేసుసభ గురువులు పుంగనూరు ప్రాంతంలో పనిచేసిన కాలం నుండి చరిత్ర ఉంది. నెల్లూరు మేత్రాసనం 1928లోను, బెజవాడ 1937లోను, గుంటూరు 1940లోను ఏర్పడ్డాయి. ఫిరంగిపురం వంటి పెద్ద దేవాలయాలున్న ఊళ్ళ గురించి ఎంతో కొంత రాశారు. ఒక గురువు, ఇద్దరు ముగ్గురు కన్యస్త్రీలు, ఒక బడి, చుట్టూ కొన్ని శాఖాగ్రామాలు గల మామూలు పల్లె విచారణ మాత్రం చరిత్ర పుటల్లో ఒక పంక్తిని మించి కనబడదు. ఈ వ్యాసానికి విషయం అటువంటి విచారణే.

వారం ఎలా నడుస్తుంది

గురువు ఒక్కరు, గ్రామాలు అనేకం. విచారణ జీవనలయను నిర్ణయించే మొదటి సంగతి ఇదే. ఆదివారం ఉదయం కేంద్రగ్రామంలో పూజ జరుగుతుంది. ఒకటి రెండు శాఖాగ్రామాలకు అదే రోజు అవకాశం దక్కుతుంది. శనివారం సాయంత్రపు పూజలో పాల్గొన్నా ఆదివారపు విధి నెరవేరినట్లేనని 1248వ నియమం చెప్పడం వల్ల మరొక గ్రామానికి వెసులుబాటు కలుగుతుంది. మిగిలిన పల్లెలకు పనిదినాల్లో సాయంత్రాలే గతి. కూలిపనుల నుండి ఇళ్ళకు చేరి, స్నానాలు, వంటలు అయ్యాక గాని గుడి నిండదు. గడియారం ఏడు చూపినా పూజ ఎప్పుడు మొదలవుతుందో చెప్పేది ఆ రోజు పొలంలో పని.

గురువు రాని రోజుల్లో ఉపదేశి ఉంటాడు. జపమాల చెప్పించేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, మంచం పట్టినవారి కబురు గురువుకు చేరవేసేదీ, చావు జరిగితే గంట కొట్టించేదీ ఆయనే. ఉపదేశుల గురించి మిషనరీల జీవిత చరిత్రల్లో ప్రస్తావనలు వస్తాయి గాని, అవి ఎక్కువగా సహాయకులుగా చేసిన ప్రస్తావనలే. శాఖాగ్రామం వైపు నుండి చూస్తే ఉపదేశే శాశ్వతం. బదిలీ అయి వెళ్ళేది గురువు.

బుధవారం నిత్యసహాయమాత నవదిన ప్రార్థన, మొదటి శుక్రవారం యేసు తిరుహృదయ భక్తి, తపఃకాలపు శుక్రవారాల్లో స్లీవమార్గం వంటివి వారానికి మరొక పొర. ఈ భక్తి క్యాలెండరు వ్యవసాయ క్యాలెండరుతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ ఢీకొంటుందో చూడాలి. వరి కోతలు అయ్యాక వచ్చే క్రిస్మసుకు చేతిలో నాలుగు డబ్బులాడుతాయి. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో తపఃకాలం మిరపకోతల సమయంలో పడుతుంది. కోతకు పోయిన కుటుంబాలు చీకటిపడ్డాక గాని తిరిగి రావు. పొరుగు జిల్లాలకు వలస వెళ్ళినవారు అసలే రారు. అప్పుడు స్లీవమార్గం వేళను గంటసేపు వెనక్కు జరపడం భక్తి తగ్గుదలకు గుర్తు కాదు. ఆ మార్పును సంఘానికి తెలిపేది ప్రకటనే.

పూజలో ప్రకటనల చోటు

రోమను పూజాగ్రంథపు సాధారణ ఉపదేశం ప్రకారం, దివ్యసత్ప్రసాద స్వీకరణ అనంతర ప్రార్థన ముగిసిన తరువాత, చివరి ఆశీర్వాదానికి ముందు, అవసరమైతే క్లుప్తంగా ప్రకటనలు చేయవచ్చు. అవసరమైతే, క్లుప్తంగా అన్న రెండు షరతులనూ పల్లె విచారణలు ఉదారంగానే అన్వయించుకున్నాయి. ఈ చోటుకు ఒక అంతరార్థం ఉంది. ఆశీర్వాదం పొందకుండా గుడి దాటడం మర్యాద కాదు కనుక, ప్రకటనలు వినకుండా ఎవరూ వెళ్ళలేరు. గుడి వెనుక చెప్పుల దగ్గర నిలబడిన యువకులు కూడా ఆ కొద్ది నిమిషాలు లోపలికి చెవి ఒగ్గవలసిందే.

భాషాపరంగా ఈ పాఠ్యం మూడు శైలుల కలయిక. మొదటిది ప్రార్థనల భాష: క్రీస్తునాథునియందు ప్రియ సహోదరీ సహోదరులారా అన్న సంబోధన, కోరుచున్నాము, వేడుకొనుచున్నాము వంటి గ్రాంథిక క్రియారూపాలు. రెండవది కార్యాలయాల తెలుగు: తెలియజేయడమైనది, హాజరు కాగలరు. మూడవది నోటిమాట. కాగితంలో ఉన్నది చదవడం అయిపోయాక గురువు తల ఎత్తి, బస్సు తెల్లవారుజామున నాలుగింటికే కదులుతుంది, ఆలస్యమైతే మేం ఆగం అని అంటారు. సంఘం నవ్వుతుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మరియమాత ఉత్సవాలకు ముందు అనేక విచారణల్లో ఈ బస్సు ప్రకటన వినిపిస్తుంది. రాసిన వాక్యం ఆజ్ఞాపిస్తుంది, చేర్చిన వాక్యం బతిమాలుతుంది. పరిశోధకుడు కాగితాన్ని మాత్రమే సేకరిస్తే సగం పాఠ్యం చేజారినట్లే.

పెండ్లి ప్రకటన: రెండు చట్టాల మధ్య

ప్రకటనలన్నింటిలోనూ ప్రాచీనమైనది పెండ్లి ప్రకటన. రహస్య వివాహాలను అరికట్టడానికి 1215లో నాలుగవ లాతరన్ మహాసభ దీనిని సార్వత్రిక నియమం చేసింది. 1563లో త్రెంతు మహాసభ మూడు పండుగదినాల్లో వరుసగా ప్రకటించాలని విధించింది. 1917 నాటి చట్టం ఆ మూడు సార్ల పద్ధతిని కొనసాగించింది. 1983 చట్టంలోని 1067వ నియమం వివరాలను ఆయా దేశాల పీఠాధిపతుల సమాఖ్యలకు వదిలింది. 1069వ నియమం ప్రకారం, వివాహానికి అడ్డంకి ఏదైనా ఎరిగినవారు దానిని ముందుగా తెలియజేయడం విశ్వాసులందరి బాధ్యత.

వాడుకలోని ధోరణిని చూపడానికి ఒక నమూనా రూపం ఇక్కడ ఇస్తున్నాను: ఫలానా గ్రామ కాపురస్తులైన ఫలానావారి జ్యేష్ఠ కుమారునికి, ఫలానా విచారణకు చెందిన ఫలానావారి కనిష్ఠ కుమార్తెతో వివాహము నిశ్చయమైనది, ఇది మొదటి ప్రకటన, ఏదైనా ఆటంకము ఎరిగినవారు విచారణ గురువులకు తెలియజేయవలసినది. దండోరా వేసి ఊరికి విషయం చాటే సంప్రదాయానికి అలవాటుపడిన చెవులకు ఈ వాక్యం పరాయిది కాలేదు. పెద్దలు దీనిని చాటింపు అని పిలవడం సహజమే.

అసలు చిక్కు ఆటంకము అన్న మాట దగ్గర వస్తుంది. 1091వ నియమం ప్రకారం పక్కవరుస రక్తసంబంధంలో నాలుగవ అంతస్తు వరకు వివాహం చెల్లదు. తోబుట్టువుల పిల్లలు ఒకరికొకరు నాలుగవ అంతస్తు. మేనమామ, మేనకోడలు మూడవ అంతస్తు. అంటే తెలుగువారు హక్కుగా భావించే మేనరికమూ, అక్క కూతురిని చేసుకోవడమూ తిరుసభ చట్టం దృష్టిలో రెండూ ఆటంకాలే. 1917 చట్టం ఇంకొంత ముందుకు పోయి, తోబుట్టువుల మనుమల తరాన్ని కూడా నిషేధంలో చేర్చింది. అయితే ఇవి మినహాయింపు ఇవ్వదగిన ఆటంకాలు. పీఠాధిపతి అనుమతిస్తే వివాహం జరుగుతుంది. నేరుగా పైకీ కిందికీ సాగే వరుసలోను, తోబుట్టువుల మధ్యను మాత్రం మినహాయింపు ఎన్నటికీ లేదు.

ఇక్కడ రెండు బంధుత్వ గణితాలు ఎదురుపడతాయి. తిరుసభ చట్టం మేనత్త కూతురినీ పినతండ్రి కూతురినీ ఒకే అంతస్తులో లెక్కిస్తుంది. తెలుగు బంధుత్వానికి వారిలో మొదటామె మరదలు, రెండవ ఆమె చెల్లెలు. ఆ రెండింటికీ నడుమ ఉన్నది భూమ్యాకాశాల అంతరం. ఒకే ఇంటిపేరు గలవారి మధ్య, రక్తసంబంధం ఎంత దూరమైనా, పెండ్లి కూడదని ఊరు అంటుంది; ఆ ఇంటిపేరు తిరుసభ చట్టానికి కనబడదు. కనుక ఆటంకం ఎరిగినవారు చెప్పండని అడిగినప్పుడు విన్నవారి మనసులో మెదిలేది ఏది? మేనరికం ఎవరికీ ఆటంకంగా తోచదు. వరుస కుదరకపోవడం, ఇంతకుముందు జరిగి చెడిన నిశ్చితార్థం, కులం, తేలని కట్నం లెక్క తోస్తాయి. ఈ కారణాలేవీ తిరుసభ చట్టంలోని వివాహ ఆటంకాల జాబితాలో లేవు.

ఈ పరిస్థితిలో గురువు పని రాతబల్ల దగ్గర కాక వసారాలో మొదలవుతుంది. బంధుత్వం ఏమిటని అడిగితే దగ్గర బంధువులేనండి అన్న జవాబు వస్తుంది. ఏ తాత దగ్గర కలుస్తారో తెలుసుకొని, పటం గీసి, మినహాయింపుకు దరఖాస్తు పంపాలి. అనుమతి వచ్చేలోగా ముహూర్తం, అంటే పెద్దలు కుదుర్చుకున్న తేదీ, దగ్గర పడుతుంది. ప్రకటన ముందుగా చేయించుకోండని గురువులు పట్టుబట్టడానికి కారణం చాలావరకు ఇదే. చట్టం పైనుండి దిగి వచ్చి సమాజాన్ని మార్చిందనడం గాని, సమాజం చట్టాన్ని బేఖాతరు చేసిందనడం గాని నా దృష్టిలో తొందరపాటు. మేనరికం కొనసాగింది, ఒక దరఖాస్తు కాగితాన్ని వెంటపెట్టుకొని. ఆ దరఖాస్తులు మేత్రాసన కార్యాలయాల్లో భద్రమై ఉన్నచోట, తెలుగు బంధుత్వ అధ్యయనానికి వాటికంటె నమ్మదగిన ఆకరాలు అరుదుగా దొరుకుతాయి.

డబ్బు, పేరు

చందాల ప్రకటన అందరూ చెవి రిక్కించి వినేది. పండుగ ఖర్చుకు, గుడి సున్నానికి, మైకుసెట్టుకు ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా చదివే అలవాటు చాలాచోట్ల ఉంది. జమాఖర్చు పారదర్శకంగా ఉండాలన్నది దాని సమర్థన. 537వ నియమం ప్రకారం ప్రతి విచారణలోను ఆర్థిక సమితి ఉండి తీరాలి. కాని మొత్తం ఎంత వచ్చిందో చెప్పడం వేరు, ఎవరు ఎంత ఇచ్చారో చదవడం వేరు. భూమి ఉన్న కుటుంబాలూ వారి పొలాల్లో పనిచేసే కుటుంబాలూ ఒకే గుడిలో కూర్చునే సంఘంలో ఆ జాబితా క్రమం దాదాపు భూమి క్రమమే అవుతుంది. పేద విధవరాలి రెండు కాసుల వృత్తాంతం చదివిన ఆదివారమే ఈ జాబితా కూడా చదవవలసి రావడంలోని విడ్డూరం ఎవరి దృష్టికైనా రాకపోదు.

పేరు గురించి ఇంకొక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవం స్వీకరించిన దళితులు వెనుకబడిన తరగతుల్లో సి వర్గం కిందికి వస్తారు. కనుక జ్ఞానస్నానపు పుస్తకంలో ఎక్కిన పేరు, బలిపీఠం దగ్గర బిగ్గరగా చదివిన పేరు, బడి రికార్డులోని పేరు ఒకటే కావాలా వద్దా అన్నది ఒక కుటుంబానికి చదువు, ఉద్యోగాలతో ముడిపడిన ప్రశ్న. రెండు పేర్లు మోయడాన్ని విశ్వాసలోపంగా చూసే వ్యాఖ్యలు ఆ ఉత్తర్వును విస్మరిస్తాయి.

ప్రకటనల పుస్తకం, ఫోను

జ్ఞానస్నాన, వివాహ, మరణ పుస్తకాలను భద్రపరచాలని 535వ నియమం ఆదేశిస్తుంది. ప్రకటనలు రాసుకొన్న నోటుపుస్తకానికి అటువంటి రక్షణ లేదు. నిండిపోతే చెదలకో, పాతకాగితాల వానికో పోతుంది. ఇప్పుడు నోటుపుస్తకం కూడా వెనకబడింది. శనివారం రాత్రే ప్రకటనలు వాట్సాప్ బృందంలోకి వస్తాయి. హైదరాబాదులో తాపీపని చేసేవాడు, గల్ఫులో ఇంటిపని చేసే స్త్రీ తమ ఊరి చావు కబురు, పండుగ తేదీ అదే నిమిషాన తెలుసుకొంటారు. ఇది చిన్న లాభం కాదు. చదువురాని వృద్ధురాలికి మాత్రం గుడిలోని గొంతే ఆధారం. పైగా తప్పు తేదీ చదివితే అక్కడికక్కడే వెనుక వరుస నుండి ఎవరో సరిదిద్దే వెసులుబాటు ఫోనులో అదే తీరున ఉండదు.

మిగిలి ఉన్న నోటుపుస్తకాలను వెదకడానికి ముందుకు వచ్చే పరిశోధకులు మొదట ఉపదేశుల ఇళ్ళకు వెళ్ళాలి. గురువులు బదిలీ అయినప్పుడు పాత కాగితాలు తరచు అక్కడే ఆగిపోతాయి. ప్రతి పుటలోను పెండ్లి సంబంధాలు, జబ్బులు, బాకీలు, పేర్లతో సహా ఉంటాయి కనుక, నకలు తీసే ముందు విచారణ అనుమతితో పాటు ఆ కుటుంబాల అనుమతి కూడా తీసుకోవలసి ఉంటుంది.