చెరువు చేపల పునరుత్పత్తిపై భారలోహాల ప్రభావం

రంగారెడ్డి జిల్లా మీర్‌పేట్ పెద్ద చెరువు వంటి నగర శివారు చెరువులకు వర్షపు నీటితోపాటు మురుగునీరు కూడా చేరుతుంది. లోహపూత, బ్యాటరీ, రంగుల పనుల వ్యర్థజలాలు కలిసినచోట భారలోహాల ప్రమాదం పెరుగుతుంది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలవడంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది.

ఇటువంటి నీటిలో చేపల దిగుబడి బాగున్నంత మాత్రాన వాటి సంతానోత్పత్తి సవ్యంగా ఉన్నదని నిర్ధారించరాదు. బొచ్చె, రోహు, మ్రిగాల చేపలు వర్షాకాలపు నదీ ప్రవాహంలో గుడ్లు పెడతాయి. నిలకడ నీటిలో సాధారణంగా పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో ప్రేరిత ప్రజననం సాధించిన తరువాత క్రమంగా హేచరీ పిల్లలే చెరువులకు ఆధారమయ్యాయి. ఏటా కొత్త పిల్లలను వదలడం వల్ల పునరుత్పత్తి లోపం దిగుబడి లెక్కల్లో కనిపించదు.

లోహాలు పనిచేసే తీరు

కాడ్మియం, సీసం, పాదరసం మొప్పల ద్వారా, ఆహారం ద్వారా చేప శరీరంలో ప్రవేశించి కాలేయం, మూత్రపిండాలు, బీజకోశాలలో నిల్వ ఉంటాయి. ఆడచేపలో పీయూష గ్రంథి హార్మోన్లు అండాశయాన్ని, అండాశయపు ఈస్ట్రడయాల్ కాలేయాన్ని ప్రేరేపిస్తాయి. అప్పుడు కాలేయంలో తయారయ్యే విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తి అండాశయానికి చేరి గుడ్డు సొనగా మారుతుంది. కాడ్మియం ఈ గొలుసును కాలేయం వద్ద అడ్డుకొనగలదు. పాదరసం లైంగిక హార్మోన్ల ఉత్పత్తిని తగ్గించగలదు. మగచేప వీర్యకణాలు నీటిని తాకగానే చలించి, కార్పు జాతులలో నిమిషం అటూ ఇటూగా ఆగిపోతాయి. లోహాలు ఈ స్వల్ప చలనాన్ని మరింత కుంటుపరిస్తే ఫలదీకరణ శాతం పడిపోతుంది. గుడ్డు పైపొరను దాటిన లోహం పిండాన్ని చంపవచ్చు లేదా పిల్లల వెన్నెముకను వంకర చేయవచ్చు.

కఠిన జలంలోని కాల్షియం కాడ్మియంతో పోటీపడి మొప్పల్లోకి దాని ప్రవేశాన్ని తగ్గిస్తుంది. నీటి ఆమ్లత్వం పెరిగితే బురదలోని లోహం కరిగి పైకి వస్తుంది. కనుక ఒకే లోహ పరిమాణం అన్ని చెరువులలో ఒకే హాని చేయదు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినవి

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట చెరువులోనే నీటి మొక్కల నడుమ గుడ్లు పెట్టి పిల్లలను కాపాడుతుంది. అందువల్ల వర్షాకాలంలో దాని పిల్లల గుంపులను ఏటా నమోదు చేయడం ఉపయోగకరం. బీజకోశాల బరువును చేప బరువుతో భాగించి 100తో గుణిస్తే వచ్చే సూచికను శుభ్రమైన చెరువు చేపలతో, అదే మాసంలో పోల్చాలి. పిల్లలు తగ్గడానికి ప్రాణవాయువు కొరత, అమ్మోనియా కూడా కారణం కావచ్చు. నీరు, బురద, చేప కాలేయాలలో లోహ పరీక్ష జరపనిదే నిర్ధారణకు రారాదు. పూడిక మట్టిని పొలాలకు తోలేముందు కూడా ఇదే పరీక్ష అవసరం.