వంశానుగత చాలక నాడీకణ వ్యాధులు – మూలకణ పరిశోధన: నిధుల పాత్ర

ఉపోద్ఘాతం:

వెన్నుపాములోని చాలక నాడీకణాలు మెదడు ఆజ్ఞలను కండరాలకు చేరవేస్తాయి. ఇవి నశిస్తే కండరాలు క్రమంగా క్షీణిస్తాయి. వంశానుగతంగా సంక్రమించే ఇటువంటి వ్యాధుల్లో స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ ముఖ్యమైనది. ఎస్.ఎం.ఎన్.1 జన్యులోపం దీనికి కారణం. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. ఈ రంగంలో మూలకణ పరిశోధనకు వెచ్చించే నిధుల ప్రయోజనాన్ని ఏ ప్రమాణంతో అంచనా వేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. మార్పిడి – నమూనా:

మూలకణం అనగానే నశించిన కణాల స్థానంలో కొత్తవాటిని నాటడమే చాలామందికి స్ఫురిస్తుంది. కానీ నాటిన నాడీకణం వెన్నుపాములో నిలదొక్కుకోవాలి. తన తంతువును దూరాన ఉన్న కండరం వరకు పెంచి దానితో అనుసంధానం కావాలి. ఇది నేటికీ కఠినమైన సమస్యే. దీనికంటే ముందు ఫలించినది వ్యాధి నమూనా. 2009లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ సహచరులతో కలిసి ఒక వ్యాధిగ్రస్త బాలుని చర్మకణాలను, వ్యాధి లేని అతని తల్లి చర్మకణాలను మూలకణ స్థితికి మార్చి, వాటినుంచి చాలక నాడీకణాలను రూపొందించారు. కాలక్రమంలో బిడ్డ కణాలు తగ్గిపోయాయి. బతికున్న రోగి వెన్నుపామునుంచి తీసి చూడలేని క్షీణతను ప్రయోగశాలలో గమనించడం ఇలా సాధ్యమైంది.

2. ప్రజాధనం:

2001లో అమెరికా ప్రభుత్వం పిండ మూలకణ పరిశోధనకు సమాఖ్య నిధులను అప్పటికే ఉన్న కణశ్రేణులకు పరిమితం చేసింది. ఆ లోటును పూరించేందుకు 2004లో కాలిఫోర్నియా ఓటర్లు 300 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించారు. 2009లో సమాఖ్య ఆంక్షలు సడలాయి. 2020లో కాలిఫోర్నియా ఓటర్లు మరో 550 కోట్ల డాలర్లకు సమ్మతించారు. అందులో 150 కోట్లు మెదడు, కేంద్ర నాడీవ్యవస్థ వ్యాధులకు ప్రత్యేకించారు.

3. ఫలితాల అంచనా:

2016లో అమెరికాలో అనుమతి పొందిన తొలి ఔషధం నుసినెర్సెన్ కణమార్పిడి ద్వారా వచ్చినది కాదు. జన్యు పరిజ్ఞానం ఆధారంగా రూపొందినది. అంతమాత్రాన మూలకణ నిధులు వృథా అనలేం. ఔషధాలు మిగిలిన నాడీకణాలను కాపాడగలవు గాని, నశించినవాటిని తిరిగి తేలేవు. ఆలస్యంగా వ్యాధి నిర్ధారణ జరిగిన బిడ్డల విషయంలో ఈ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ముగింపు:

భారతదేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, ఇటువంటి వ్యాధులకు అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్ వెలుపల మూలకణాలను చికిత్సగా వాడకూడదు. కాబట్టి ఆశతో తల్లిదండ్రులు చెల్లించే చికిత్స రుసుము పరిశోధన నిధి కాదు. నిధికి సమీక్ష ఉంటుంది; విఫలమైన ప్రయోగం కూడా తదుపరి పరిశోధకునికి జ్ఞానంగా అందుతుంది. రుసుముకు ఆ రెండూ ఉండవు. ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తించడమే నిధుల చర్చకు తొలి మెట్టు.