మనిషిని లాక్కెళ్లే గాలిపటం

రామేశ్వరం యాత్రకు వెళ్లొచ్చినవాళ్లలో కొందరు ఈ వింత చూసే ఉంటారు. సముద్రం మీద రంగురంగుల పెద్ద గాలిపటం. దాని కింద, కాళ్లకు పలక బిగించుకుని నీళ్ల మీద జారిపోయే మనిషి. దీన్ని కైట్ సర్ఫింగ్ అంటారు. అక్కడ ఈ ఆట నేర్పే బడులు కూడా ఉన్నాయి.

సంక్రాంతి పటాన్ని మనం ఆడిస్తాం. ఈ పటం మనిషినే ఆడిస్తుంది. నడుముకు పట్టా, పట్టాకు కొక్కెం, చేతిలో అడ్డకర్ర, పైకి 20 మీటర్లకు మించిన నాలుగు తాళ్లు. కర్రను ఒంటివైపు లాక్కుంటే పటం గుంజుతుంది. ముందుకు తోస్తే గుంజుడు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్న దగ్గరే పటానికీ పటానికీ తేడా. ప్రాణం కూడా అక్కడే ఉంది.

ఫ్రాన్సులో బ్రిటనీ తీరానికి చెందిన అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగేన్యూలు 1984లో ఒక పటానికి పేటెంటు తీసుకున్నారు. సైకిల్ ట్యూబులా గాలి కొట్టిన గొట్టాలే దానికి ఎముకలు. అందుకే నీళ్లలో పడ్డా మునగదు.

ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగి ఉండే పటం పాతరకం. కర్ర ఎటు తిప్పితే అటు, చెప్పిన మాట వింటుంది. గాలిలో పల్టీలు కొట్టే ఆరితేరినవాళ్లకు ఇప్పటికీ ఇదే ఇష్టం. కానీ ఈదురుగాలి తగిలిందా, కర్ర వదిలినా గుంజుడు ఆగదు. బెదిరిన కోడె పలుపు చేతికి చుట్టుకున్నవాడి గతే. అలా ఒడ్డుకు కొట్టుకుని చనిపోయినవాళ్లున్నారు.

2005 ప్రాంతంలో బ్రూనోయే విల్లు పటం తెచ్చాడు. మనం పటానికి సూత్రం కట్టినట్టు దీని ముందంచుకు వరుసగా సూత్రాలుంటాయి. కర్ర వదిలితే బలం దాదాపు అంతా జారిపోతుంది. నీళ్లలో పడితే వెనక తాడొకటి లాగితే చాలు, లేస్తుంది. 'సి' పటమంత సూటిగా తిరగదని పాతకాపుల ఫిర్యాదు. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ ఫిర్యాదుతో పనిలేదు.

మూడోరకానికి గొట్టాలే ఉండవు. దిండు గలీబుల్లా పక్కపక్కనే కుట్టిన అరల్లోకి గాలి దూరి ఉబ్బుతుంది. తేలిక, చిన్నగాలికే లేస్తుంది, వేగం మెండు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సెయ్ తీరాన పందేలు వీటితోనే జరిగాయి. ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్, బ్రిటన్ అమ్మాయి ఎల్లీ ఆల్డ్రిజ్ బంగారు పతకాలు గెలిచారు. అరల్లోకి నీళ్లు చేరితే మాత్రం నానిన దూదిపరుపే, లేవదీయడం కష్టం.

ఏ పటమైనా కొక్కెం దగ్గర ఒక మీట ఉంటుంది. అది కదిపితే పటం బలం పోయి పడిపోతుంది. నేర్పేవాళ్లు నీళ్లలోకి దించకముందే ఇసుకమీద ఈ మీటను పదేపదే తీయిస్తారు.