రోడ్డు ఖర్చులో మూడో వాటా ఎవరిది?

కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత? హైదరాబాదు చుట్టూ తలపెట్టిన రీజినల్ రింగు రోడ్డు గురించి యేళ్ళ తరబడి నడిచిన తగాదా ఇదే. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 160 కిలోమీటర్లు. భూమి సేకరణ ఖర్చులో సగం రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. మధ్యలో కరెంటు స్తంభాలు, నీళ్ళ పైపులు జరిపే ఖర్చు ఎవరిదని పేచీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఆ ఖర్చు తామే పెట్టుకుంటామని కేంద్ర రోడ్ల మంత్రి గడ్కరీ ఒప్పుకున్నారు.

స్తంభం జరపడానికయ్యే ఖర్చు గురించి రెండు ప్రభుత్వాలు కొట్లాడుకున్నాయి. మంచిదే. మరి మనిషిని జరిపే ఖర్చు ఎవరిది?

ఒక ఊళ్ళో రావిచెట్టు కింద కూర్చుని ఈ వాటాల సంగతి చెబుతుంటే, అరవై యేండ్ల కూలీ అక్క ఒకామె నన్ను ఆపింది. "తమ్మీ, భూమి పోతే పటేలుకు ఎంతో కొంత పైకం వస్తది. ఆ భూమిల నలభై యేండ్ల సంది నాటేసిన. నాకేమొస్తది?" అన్నది. అక్కడున్న వాళ్ళెవరికీ నోట మాట రాలేదు. నాకూ రాలేదు. ఆ జవాబు కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. రోడ్డు వెడల్పు వంద మీటర్లు అనుకుంటే ఒక్క కిలోమీటరుకు పది హెక్టార్లు, అంటే ఇంచుమించు పాతిక ఎకరాలు పోతుంది. 160 కిలోమీటర్లకు నాలుగు వేల ఎకరాలు. ఎకరా మీద ఒక పంటకు ముప్పై పనిదినాలే అనుకున్నా, ఒక్క పంటకు లక్షా ఇరవై వేల పనిదినాలు మాయం. ఇది ఒక్క యేడాదితో పోయేది కాదు, ప్రతి యేడూ పోతుంది. ఈ నష్టం కేంద్రం పద్దులో లేదు, రాష్ట్రం పద్దులో లేదు. కూలీల కడుపు మీద ఉంది. మూడో వాటా అంటే అదే.

ఇక ఇంటర్‌ఛేంజి దగ్గర సంగతి వేరు. రెండు పెద్ద రోడ్లు కలిసేచోట బండ్లు ఆగకుండా ఎక్కి దిగడానికి చుట్టుదారులు తిప్పుతారు. దాని కింద భూమి ఎన్నో రెట్లు ఎక్కువ పోతుంది. కూడలి పడ్డ ఊరికి దెబ్బ ఎక్కువ, లాభం మాత్రం చుట్టూ ప్లాట్లు కొన్నవాళ్ళకు. పైగా ఇటువంటి రోడ్డును ఎక్కడబడితే అక్కడ దాటనియ్యరు. ఇటు ఊరు, అటు చేను ఉంటే కింది దారి ఎక్కడ పెట్టారో అక్కడిదాకా నడవాలి. కారులో పోయేవానికి మిగిలే సమయం, తట్ట నెత్తిన పెట్టుకుని నడిచే ఆడమనిషికి ఖర్చవుతుంది.

మరి చట్టంలో కూలీకి చోటు లేదా? ఉన్నది! 2013 భూసేకరణ చట్టం "బాధిత కుటుంబం" అన్నప్పుడు భూమి యజమానిని మాత్రమే అనలేదు. సెంటు భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేండ్లు అక్కడ పనిచేసి, ఆ పనే ముఖ్య జీవనాధారమై, అది దెబ్బతిన్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, పాలికాపులు, చేతివృత్తులవాళ్ళు అందరూ బాధితులే అన్నది. చట్టం రెండో షెడ్యూలు ప్రకారం అటువంటి కుటుంబానికి మూడు దారులున్నాయి. ప్రాజెక్టులో ఉద్యోగాలు వస్తే ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా ఇరవై యేండ్లపాటు నెలకు 2 వేలకు తగ్గకుండా పింఛను. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూములకూ ఈ షెడ్యూళ్ళు వర్తిస్తాయని 2015 ఆగస్టు 28న కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది.

కాగితం మీద ఉన్న హక్కు అడగనిదే చేతికి రాదు. పట్టాదారు పేరు పాసుబుక్కులో ఉంటుంది. కూలీ పేరు ఎక్కడ ఉంటుంది? అందుకని జాబితా మనమే రాయాలి. ఏ చేనులో ఎవరు ఎన్నేండ్లు పనిచేశారో ఇంటింటికీ తిరిగి రాసి, రైతుల చేత సంతకాలు పెట్టించి, రేషన్‌కార్డు, పాత జాబ్‌కార్డు జతచేసి, గ్రామసభలో చదివి ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఇది రైతుకూ కూలీకీ పంచాయితీ కాకూడదు. రెండెకరాల రైతు గతి కూడా అంతంతమాత్రమే. రిజిస్ట్రేషన్ ధర ఒకటి, బజారు ధర మరొకటి. వచ్చిన పైకంతో పక్క ఊళ్ళో అరెకరం దొరకదు. రైతు ధర కోసం కూలీ నిలబడాలి, కూలీ జాబితా మీద రైతు సంతకం పెట్టాలి.

డబ్బు లేదంటారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు సంగతి చూడండి. 2023లో దాని టోలు వసూలును ముప్పై యేండ్లకు 7,380 కోట్ల రూపాయలకు ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. రోడ్డు మీద రాబోయే ముప్పై యేండ్ల రాబడిని ముందే లెక్కకట్టగలిగిన వాళ్ళకు, కూలీ ఇంట్లో పోయే ముప్పై యేండ్ల రాబడి లెక్క రాదా?

కాబట్టి మనం అడగవలసినవి ఇవి: కూలీలను, కౌలుదార్లను బాధితుల జాబితాలో చేర్చాలి. వాళ్ళ పునరావాస ఖర్చును కేంద్ర, రాష్ట్ర వాటాల్లోనే చూపాలి. ఇంటర్‌ఛేంజి హద్దులు ఊరి నడుమ చదివి వినిపించాలి. మనిషి, పశువు, బండి పోయే కింది దారులు నక్షాలోనే గుర్తించాలి.

ఆ అక్కకు నేను చెప్పవలసిన జవాబు ఇది: "అక్కా, నీకు రావలసింది ఉన్నది. ముందు నీ పేరు రాయి. తర్వాత నీ పక్కింటామె పేరు రాయి. జాబితా పట్టుకుని అందరం కలిసి పోదాం."