మన మగ్గాల లెక్కే ఈ కొత్త చదువు

కంప్యూటర్ అంటేనే మన పెద్దవాళ్ళలో చాలామందికి కొంత బెరుకు. దానికి తోడు ఇప్పుడు కృత్రిమ మేధ అనే మాట బడి గడప దాకా వచ్చింది. 2026-27 విద్యా సంవత్సరం నుంచి, మూడో తరగతి మొదలుకొని, పిల్లలకు కృత్రిమ మేధ, కంప్యూటేషనల్ థింకింగ్ నేర్పుతామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. పాఠ్యప్రణాళిక కోసం మద్రాసు ఐఐటి ఆచార్యులు కార్తీక్ రామన్ అధ్యక్షతన సిబిఎస్ఇ ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. కామాఠీపురా సందుల్లోనూ, వర్లీ, లోయర్ పరేల్ చాల్‌లలోనూ ఒంటి గదిలో కాపురాలు చేసే మనవాళ్ళకు ఒక సందేహం రావడం సహజం. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అదీ తండ్రి పనికి పట్టుకెళతాడు. మరి మన పిల్లల సంగతేమిటి?

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్ళు మోసిన కామాఠీల పేరే కామాఠీపురాకు నిలిచింది. వారి వెనుక కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల పద్మశాలీలు మిల్లు మగ్గాల మీదికి వచ్చారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చేతిలో పనితనం ఉండి కూడా పని లేకుండా పోవడమంటే ఏమిటో మన ఇళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఈసారి మార్పు ఏమిటో ముందుగానే తెలుసుకోవాలి.

కంప్యూటేషనల్ థింకింగ్ అనగానే యంత్రం కొనాలని కంగారు పడనవసరం లేదు. అది ఆలోచించే పద్ధతి. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడదీయడం, మళ్ళీ మళ్ళీ వచ్చే వరసను గుర్తుపట్టడం, అక్కరలేనిది పక్కన పెట్టడం, ఏది ముందో ఏది వెనుకో క్రమం రాసుకోవడం, ఇంతే. ఇది కంప్యూటర్ వాళ్ళకే కాక అందరికీ కావలసిన నేర్పని అమెరికా ఆచార్యురాలు జానెట్ వింగ్ 2006లో రాసిన వ్యాసం తర్వాత ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది.

నిజానికి ఈ విద్యకూ మగ్గానికీ చుట్టరికం ఉంది. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ తయారుచేసిన మగ్గానికి చిల్లులు పొడిచిన అట్టలే ఆజ్ఞలు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. అలాంటి అట్టలతోనే లెక్కలు చేయించాలని ఇంగ్లండులో బాబేజ్ 1830లలో యోచించాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే తేల్చాడు. కంప్యూటర్ వంశవృక్షంలో నేతగాడి మగ్గం ఒక పెద్ద కొమ్మ.

మన దగ్గరి ఉదాహరణ ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం. చదువు ఆరో తరగతితో ఆగింది. చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి వేలసార్లు చేయి చాపి, మేకుల చుట్టూ దారం తిప్పాలి. భుజాలు పడిపోయే పని అది. దారం అటూ ఇటూ నడవాలి, మేకు చుట్టూ తిరగాలి, పక్క మేకుకు జరగాలి. ఈ కదలికలను ఒక్కొక్కటిగా యంత్రానికి నేర్పి, 1999లో ఆయన లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కంప్యూటేషనల్ థింకింగ్‌కు ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ఇలాంటి పాఠాలను మన నగరంలోనే పవయీ ఐఐటిలో ఆచార్య శ్రీధర్ అయ్యర్ బృందం "కంప్యూటర్ మస్తీ" పుస్తకాలుగా చేసింది. ఏసీఎం ఇండియా 2016లో ఆరంభించిన "సిఎస్ పాఠశాల" యంత్రం లేకుండానే ఆటలతో నేర్పే పద్ధతులు తెచ్చింది. చాల్ వరండాలోనూ ఇలాంటి ఆటలు ఆడించవచ్చు. ఒకటి నుంచి వంద లోపు ఒక అంకె తలచుకోండి. "యాభై కంటే పెద్దదా?" అంటూ సగానికి సగం తగ్గిస్తూ అడిగితే ఏడు ప్రశ్నల్లో దొరికి తీరుతుంది. ఎందుకు ఏడని పిల్లలనే అడగండి. చుక్కల ముగ్గు చేయి చూపకుండా, నోటిమాటతోనే చెల్లెలి చేత వేయించమనండి. ఒక్క మాట తప్పినా ముగ్గు చెడుతుంది. ప్రోగ్రాము రాయడమంటే అదే.

కృత్రిమ మేధ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. అది అపారమైన రాతలను చూసి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టి జవాబు చెబుతుంది. తప్పును కూడా తడబడకుండా చెప్పగలదు. పైగా అది చదివిన ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు బహు తక్కువ. కామాఠీల గురించి పిల్లవాణ్ణి దాన్ని అడగమనండి. ఆ జవాబును తాతయ్య ముందు చదివించండి. ఏది నిజం, ఏది కల్పన అని ఇద్దరూ తేల్చుకోవాలి. హోంవర్కు మొత్తం యంత్రం చేత రాయించుకునే పిల్లవాడికి ఈ తేల్చుకునే శక్తి రాదు.

2020 లాక్‌డౌన్‌లో, కోడింగ్ రాకపోతే పిల్లలు వెనకబడిపోతారని ప్రకటనలు ఊదరగొట్టాయి. అప్పు చేసి అలాంటి క్లాసుల్లో చేర్పించే ముందు బడిలో ఏం చెబుతారో కనుక్కోండి. మునిసిపల్ బడులు ఎక్కువగా రాష్ట్ర బోర్డు కిందివి. ఈమధ్య కొన్ని సిబిఎస్ఇ బడులూ వచ్చాయి. అందరికీ ఒకే రోజున ఒకే పాఠం రాకపోవచ్చు. పేరెంట్స్ సభకు వెళ్ళి, మా పిల్లలకు ఎప్పుడు, ఎవరు, ఏ భాషలో చెబుతారని అడగడం మన హక్కు.

భాష సంగతి మరీ ముఖ్యం. బడిలో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు ఏదైనా కానివ్వండి, "ఎందుకు?" అన్న ప్రశ్న పిల్లవాడికి మొదట ఇంటి భాషలోనే పుడుతుంది. ఆ ప్రశ్నను విసుక్కోకుండా వినడానికి కంప్యూటర్ అక్కరలేదు, రోజూ ఒక పావుగంట తీరిక చాలు.