సంస్కరణమా? విప్లవమా?

చెరకు తోటల కూలీల బిడ్డలమైన మనకు ఈ వాదము పరాయిది కాదు. దొరికిన కూలి పెంపుతో ఆగాలా, తోట ఎవరిదని అడగాలా?

జర్మనీ సోషలిస్టులు 1899లో దీనిపైనే తగవుపడ్డారు. పెట్టుబడిదారీ విధానము కూలిపోవుట లేదనీ, ఓటు, కార్మిక సంఘము, సహకార సంఘములతో మెల్లగా సమానత్వము సాధించవచ్చుననీ ఎడ్వర్డ్ బెర్న్‌స్టైన్ లెక్కలు చూపారు. రోజా లక్సెంబర్గ్ ఒప్పుకోలేదు. సంస్కరణలు వద్దని ఆమె అనలేదు సుమా! చాలామంది అలా పొరబడతారు. కూలి పోరాటము కార్మికులకు బడి వంటిదే, కాని అధికారము చేతులు మారనిదే వచ్చిన లాభము నిలవదని ఆమె వాదము. మనమైతే చిల్లికుండలో నీళ్ళంటాము.

1903లో డ్రెస్డెన్ మహాసభ బెర్న్‌స్టైన్ మార్గాన్ని ఖండించింది, కాగితము మీద. 1914లో ఆ పార్టీయే యుద్ధ ఖర్చులకు ఓటు వేసింది. యుద్ధము వద్దన్న రోజా జైలు పాలయ్యారు. 1919 జనవరిలో సైనికులు ఆమెను చంపిననాడు ప్రభుత్వములో ఉన్నది ఆమె పాత పార్టీ వారే.